బ్రేకు లాగుతోందన్న కుర్రాడి మాట విను, అల్లుడూ

అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసేసరికి నేను సగం నిద్రలో ఉన్నాను, అందుకే సరిగ్గా జవాబు చెప్పలేదు. నువ్వు పెట్టేశాక మాత్రం ఆ సగం నిద్ర కూడా పోయింది. నీ టాటా 407 చిన్న లారీ బ్రేకు కొడితే ఎడమ పక్కకి లాగుతోందని బండి మీదున్న కుర్రాడు మూడు రోజులుగా మొత్తుకుంటున్నాడు, నీకేమో ఒడిశాలో కొరాపుట్‌కి కిరాయి తగిలింది, ఇప్పుడు బండి షెడ్డుకి పంపితే ఆ పార్టీ ఇంకో బండి చూసుకుంటాడని నీ భయం. "ఈ ఒక్క ట్రిప్పు వేయించేసి వచ్చాక చేయిద్దాం, అయినా ఏమైనా అయితే కేసు డ్రైవర్ మీదే కదా మావయ్యా, ఇన్సూరెన్సు ఎలాగూ ఉంది" అన్నావు. ఆ మాటలో ఒక్క ముక్క కూడా సరైంది లేదు.

ఫోన్లో చెప్తే ఊ ఊ అంటూ వినేసి నీ పని నువ్వు చేసుకుంటావు, చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. అందుకే రాస్తున్నాను. నేను చెప్తుంటే మనవరాలు టైపు చేస్తోంది, అక్షరాల తప్పులుంటే దానివి, మిగతా తప్పులు నావి.

ముందుగా ఒక సంగతి గుర్తు చేస్తాను, కోప్పడకు. మొన్న మొన్నటి దాకా నువ్వు కూడా ఇంకొకడి బండి స్టీరింగ్ పట్టుకున్నవాడివే. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా మా వీధి అరుగు మీద కూర్చుని "మా ఓనరు టైర్లు మార్చడు, అడిగితే అరుగుదల నీ డ్రైవింగ్ వల్లే అంటాడు" అని ఎన్నిసార్లు వాపోయావో నాకు గుర్తుంది. రెండు బళ్లు కొని, ఒకదాని మీద ఇంకొకణ్ణి కూర్చోబెట్టి ఏడాది కాలేదు, అప్పుడే ఆ ఓనరు మాటలే నీ నోట్లోంచి వస్తున్నాయి. ఫైనాన్స్ కంతులు మనిషి చేత ఏ మాటైనా అనిపిస్తాయి, నాకు తెలుసు. కానీ ఈ మాట అనకూడదు.

కేసు ఎవరి మీద అన్నావు కాబట్టి దాంతోనే మొదలెడతాను. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, అందులో 190వ సెక్షన్ అని ఒకటుంది. లోపం ఉన్న బండిని, అంటే జనానికి ప్రమాదం తెచ్చే లోపం ఉన్న బండిని రోడ్డు మీద నడిపినవాడిదే కాదు, నడిపించినవాడిదీ, నడపనిచ్చినవాడిదీ కూడా నేరమే అని అందులో ఉంది. నడిపేది వాడు, నడిపించేది నువ్వు. ఒకే గీత కింద ఇద్దరూ ఉన్నారు. ఇంకో మాట కూడా ఉంది అందులో, నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలేది అదే: ఆ లోపం తెలిసి ఉండాలని లేదు, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదైతే చాలు. కాబట్టి "నాకు తెలీదండీ" అని చేతులు దులుపుకుంటే కుదరదు, "నువ్వు చూసుంటే తెలిసేది కదా" అంటారు. నీ విషయంలో ఆ గొడవ కూడా లేదు, వాడు మూడు రోజులుగా చెప్తున్నాడు, నీకు తెలుసు. తెలిసిపోయాక ఇంక ఎవరిది అని వాటాలేసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

శిక్ష సంగతంటావా, 2019లో సవరించాక ఊరికే పట్టుబడితే జరిమానా 1500. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బలు తగిలినా, ఆస్తి పాడైనా మూడు నెలల దాకా జైలు, లేదా 5000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ అదే చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేలు. ఇంతేనా అనుకుంటున్నావు కదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇది ఒక్క సెక్షనే. మనిషి పోతే ఇంకో చట్టంలోకి వెళ్తుంది, అక్కడ నిర్లక్ష్యం వల్ల చావుకి మా రోజుల్లో రెండేళ్ల దాకా శిక్ష, 304-ఏ అనేవాళ్లం. 2024 జూలై నుంచి కొత్త న్యాయ సంహిత వచ్చింది, అందులో 106వ సెక్షన్ కింద అది ఐదేళ్ల దాకా అయింది. ఆ ఏడాది జనవరిలో డ్రైవర్లు బళ్లు ఆపేస్తే పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు చూడు, ఆ గొడవ వేరే ముక్క మీద, గుద్ది పారిపోతే పదేళ్లన్న దాని మీద. దాన్ని ఆపి ఉంచారు. ఈ ఐదేళ్లది మాత్రం నడుస్తోంది. మొదట డ్రైవర్ పేరే రాస్తారు, నిజమే. కానీ బ్రేకు బాగోలేదని తెలిసి బండి పంపించాడని తేలితే ఓనరు పేరు కూడా ఆ కాగితంలోకి ఎక్కే వీలుంది, ఎక్కిన వాళ్లని నేను చూశాను.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని ఒకటి చెప్తాను. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1986. నాకు ఇరవై రెండేళ్లు, సాలూరులో ఒక షావుకారు లారీ మీద క్లీనర్ని. సాలూరంటే అప్పుడూ ఇప్పుడూ లారీల ఊరే కదా, బండెక్కాలన్న ప్రతి గుంటడూ అక్కడికే పోయేవాడు. మా డ్రైవరు నాకు పని నేర్పిన గురువు, పేరు రాయను, పిల్లలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. ఒకరోజు పొద్దున్న షెడ్డు దగ్గర ఆయన షావుకారితో "బాబూ, బ్రేకు ఒక్క తొక్కుడికి పట్టడం లేదు, మూడు నాలుగుసార్లు పంపు కొడితేగానీ లేవడం లేదు" అన్నాడు. షావుకారు లెక్కల పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. "ఈ ఒక్క ట్రిప్పూ లాగించీరా, వచ్చాక సూద్దాం" అన్నాడు. నేను పక్కనే ముందద్దం తుడుస్తున్నాను. ఇద్దరి మాటలూ నా చెవులతో విన్నాను.

నిన్న నువ్వు ఫోన్లో అన్న మాట దాదాపు అదే. నాకు నిద్ర ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

వచ్చేటప్పుడు చింతపండు లోడు, బస్తాల మీద నలుగురు కూలీలు. ఘాట్ దిగుతున్నాం. మా డ్రైవరు చేతగానివాడు కాదు, రెండో గేర్లోనే దించుతున్నాడు. మలుపు ముందు పెడల్ తొక్కితే అది నేలకి అంటుకుపోయింది. పంపు కొట్టాడు, లేవలేదు. హ్యాండ్ బ్రేకు లాగాడు, లోడు బండికి అదేం చేస్తుంది. కుడి పక్క లోయ, ఎడమ పక్క కొండ. కొండకేసి కొట్టేశాడు. అలా కొట్టబట్టే ఇవాళ నేను నీకు ఉత్తరం రాస్తున్నాను. నా ఎడమ కాలు విరిగింది, వాన పడితే ఇప్పటికీ లాగుతుంది. బస్తాల కింద పడి ఒక కూలీ చనిపోయాడు. నా ఈడువాడే.

పోలీసులు అడిగారు, బ్రేకు బాగోలేదని ఓనరుకి చెప్పావా అని. చెప్పానన్నాడు మా డ్రైవరు. షావుకారు "నాతో ఎవరూ అనలేదే, అనుంటే పంపుతానా" అన్నాడు. కాగితం ముక్క లేదు. ఇంక మిగిలిన సాక్షిని నేనే, ఆస్పత్రి మంచం మీద కాలికి కట్టుతో ఉన్నాను. ఆ ఆస్పత్రి ఖర్చు షావుకారే పెడుతున్నాడు, మీ అమ్మమ్మకి బియ్యం బస్తా పంపించాడు. నన్నడిగితే నాకు తెలీదన్నాను. అంతే అన్నాను, ఆ రెండు మాటలే. కేసు నాలుగేళ్లు నడిచి మా డ్రైవరుకి శిక్ష పడింది, బయటికొచ్చాక మళ్లీ స్టీరింగ్ ముట్టుకోలేదు, గజపతినగరం రోడ్డు మీద చిన్న పాన్ షాపు పెట్టుకున్నాడు. తర్వాత నేను డ్రైవర్నయ్యాను, విజయనగరం నుంచి సాలూరు వెళ్లాలంటే ఆ షాపు ముందు నుంచే వెళ్లాలి. తెలిసినవాడు కనబడితే హారన్ కొట్టడం మన లైన్లో మర్యాద కదా. పదేళ్లు హారన్ కొట్టకుండా వెళ్లాను.

సరే, ఏడవడానికి రాయట్లేదు ఇది. పనికొచ్చే మాటలు చెప్తాను.

మొదటిది, రాయించుకో. ఒక పుస్తకం పెట్టు బండికి, బండిలోనే ఉండాలి. పొద్దున్న బండి తీసేముందు కుర్రాడు చూసి తేదీ, కిలోమీటర్లు, ఏది బాగోలేదో రాసి సంతకం పెట్టాలి, ఏమీ లేకపోతే "బాగుంది" అని రాయాలి. దాని కింద నువ్వు ఏం చేయించావో, ఎక్కడ చేయించావో, ఎప్పుడో రాసి నీ సంతకం. బిల్లు ఆ పేజీకే పిన్ను కొట్టు. నువ్వు ఊళ్లో లేకపోతే వాట్సాప్‌లో పెట్టమను, ఫొటో తీసి పెట్టమను. నువ్వు చూశావంటే నీలం టిక్కులు పడతాయి, ఆ నీలం టిక్కులే నీ సంతకం, మర్చిపోకు. కొందరు ఓనర్లు ఇందుకే వాట్సాప్ వద్దు ఫోన్ చెయ్యి అంటారు, నాకు వాళ్ల తెలివి చూస్తే నవ్వొస్తుంది. పుస్తకం డ్రైవర్ని కాపాడుతుందని నువ్వు భయపడితే, నువ్వు తప్పు చేయబోతున్నావని నీకు ముందే తెలుసన్నమాట. బాగుచేయించేవాడికి అదే పుస్తకం రేపు కోర్టులో గొడుగు.

పుస్తకం పెట్టగానే పని అయిపోయిందనుకోకు, అందులో నిజం రాయించడం చాలా కష్టం. చివరి పద్దెనిమిదేళ్లు నేను పైడిభీమవరం ఫ్యాక్టరీలకి స్టాఫ్ బస్సులు తిప్పే కాంట్రాక్టరు దగ్గర బళ్ల మంచి చెడ్డలు చూశాను కదా, చేరిన మొదటి ఆరు నెలలు ప్రతి పేజీలో "బాగుంది, బాగుంది, బాగుంది". పద్నాలుగు బస్సులు, ఒక్కదానికీ ఒక్క రోగం లేదట! ఎందుకో కనుక్కుంటే ఏమైంది, బస్సు షెడ్డులో ఉన్న రోజు డ్రైవరుకి బత్తా లేదు. బ్రేకు గురించి రాస్తే సాయంత్రం ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లాలి. ఎవడు రాస్తాడు? కాంట్రాక్టర్తో పోట్లాడి, బండి రిపేరులో ఉన్నా డ్రైవరుకి ఆ రోజు జీతమూ బత్తా ఇచ్చేలా చేశాను. మరుసటి వారం పుస్తకాలు నిండిపోయాయి. స్టీరింగ్ ఆట, సైలెన్సర్ పగుళ్లు, స్టెప్నీలో గాలి లేదు, వైపర్ ఒకటే తిరుగుతోంది, అన్నీ బయటపడ్డాయి. కాంట్రాక్టరు తల పట్టుకున్నాడు. నేను మాత్రం ఆ వారం హాయిగా పడుకున్నాను.

నువ్వు ఆ కుర్రాడికి ట్రిప్పుకింత అని ఇస్తున్నావని విన్నాను. మానెయ్. నెల జీతం పెట్టు, బత్తా విడిగా ఇవ్వు. టైరు పేలితే జీతంలో కోసుకోవడం కూడా నువ్వు నేర్చుకోలేదు కదా? అలా కోసేవాడి బండి మీద టైరు ఉబ్బినా డ్రైవరు చెప్పడు, ఇంకా నాలుగు రోజులు వస్తుందిలే అని మొహం తిప్పుకుంటాడు. చెప్పిన పాపానికి డబ్బు పోయేలా నువ్వే ఏర్పాటు చేసి, తర్వాత "వాడు నాకు చెప్పలేదు" అంటే ఎలా?

ఇప్పుడు నీ 407 రోగం. బ్రేకు ఒక పక్కకి లాగడానికి నాలుగైదు కారణాలుంటాయి. చక్రం దగ్గరుండే వీల్ సిలిండర్ కారి బ్రేకాయిల్ లైనర్ మీద, అంటే డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే పట్టీ మీద పడినా లాగుతుంది, గ్రీజు పడినా లాగుతుంది, ఒక చక్రానికి లైనర్ అరిగి ఇంకోదానికి అరగకపోయినా లాగుతుంది, ముందు రెండు టైర్లలో గాలి తేడా ఉన్నా కొంచెం లాగుతుంది. ముందు గాలి చూపించు, ఖర్చు లేని పని. నా అనుమానం మాత్రం వేరే. ఎడమ పక్కకి లాగుతోందంటే ఎడమ చక్రం పడుతోంది, కుడి చక్రం పట్టట్లేదని అర్థం. కిందటిసారి నువ్వు హైవే మీద ఎవరో మెకానిక్ దగ్గర చేయించానన్నావు చూడు, కారుతున్న చక్రానికి వెళ్లే బ్రేకు పైపు మూసేసి మిగతా మూడు చక్రాలతో పంపించేసే పని కొందరు చేస్తారు, "ఊరు చేరేదాకా" అంటారు, ఊరు చేరాక ఎవడికీ గుర్తుండదు. డ్రమ్ము ఊడదీస్తేగానీ తెలీదు. పెడల్ మెత్తగా దిగుతోందా, తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారుతోందా అని కుర్రాణ్ణి అడుగు. జారితే పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్ కూడా చూడాలి. బ్రేకాయిల్ ఎప్పుడు మార్చావు? బ్రేకాయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, పాతబడిన ఆయిల్ ఘాట్లో డ్రమ్ములు వేడెక్కినప్పుడు మరిగి ఆవిరవుతుంది, ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ తొక్కినా చక్రం దాకా ఒత్తిడి వెళ్లదు. కింద నేల మీద బాగున్న బ్రేకు ఘాట్లో పోయేది ఇలాగే.

నువ్వు పంపాలనుకున్న దారి చూడు ఒకసారి. చిలకపాలెం నుంచి రాజాం, బొబ్బిలి మీదుగా రామభద్రపురం, ఆ గోతుల సంగతి నీకు నేను చెప్పాలా, అక్కడే యు-బోల్టులు వదులైపోతాయి, కమాను పట్టీ విరిగినా విరుగుతుంది. ఆ తర్వాత సాలూరు ఘాట్. పైకి బియ్యం లోడు, ఎక్కడం వరకు పర్లేదు. వచ్చేటప్పుడు రిటర్న్ లోడు దొరికితే వదలవు, అదే ఘాట్ లోడుతో దిగాలి. ఒక చక్రం పట్టని బండి, ఘాట్ అనుభవం లేని కుర్రాడు. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగమని చెప్పావా వాడికి? డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్లో వదిలేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అన్ని లోపాలకీ బండి ఆపెయ్యమనను, అలా అంటే ఈ దేశంలో ఏ బండీ తిరగదు. సీటు చిరిగింది, అద్దం దిగట్లేదు, టేపురికార్డరు పాడట్లేదు, అవి ఆదివారం దాకా ఆగుతాయి. బ్రేకు, స్టీరింగ్, టైర్లు, వీల్ నట్లు, వీటిలో ఏది తేడాగా ఉన్నా బండి గేటు దాటకూడదు, కిరాయి ఎంతదైనా సరే. వానల్లో వైపర్ కూడా ఆ జాబితాలోకే వస్తుంది. తిత్లీ తుఫాను నాడు పలాస వైపు చిక్కుకున్నవాణ్ణి, వైపర్ లేకపోతే ఏం కనబడుతుందో నాకు తెలుసు, ఏమీ కనబడదు. రాత్రి బండికి వెనక లైట్లు కూడా అంతే. మన హైవే మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దుకుని ఎంతమంది పోతున్నారో పేపర్లో చదువుతూనే ఉన్నావు. వెనక ఎర్ర స్టిక్కరు మట్టి కొట్టుకుపోయి ఉంటుంది, రోజూ తడిగుడ్డ పెట్టి తుడవమను. బండి ఆగిపోతే రాళ్లు, కొమ్మలు పెట్టడం కాదు, మెరిసే త్రికోణం బోర్డు పెట్టాలి. రాళ్లు పెట్టి బండి బాగయ్యాక అవి అక్కడే వదిలేసి పోతారు చూడు, తర్వాత వచ్చే బైకువాడి ప్రాణం మీదికి వస్తుంది.

టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని రూలు. కొలవక్కర్లేదు, టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది, దానికి ఎదురుగా గాడిలోపల చిన్న దిమ్మ ఉంటుంది, గాడి ఆ దిమ్మతో సమానమైందంటే టైరు పని అయిపోయింది. రీట్రెడ్ టైర్లు వెనక వేసుకో, ముందు చక్రాలకి మాత్రం వేయకు. ఇది చట్టమో కాదో వదిలెయ్, నేను చెప్తున్నాను.

ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది కదా అంటావు. నీ 407 పన్నెండేళ్ల బండి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏడాదికోసారి ఎఫ్‌సీ, అంతకన్నా కొత్తదైతే రెండేళ్లకోసారి, ఈ తేదీలు నీకు తెలుసు. అది లేకపోతే బండికి రిజిస్ట్రేషనే లేనట్టు లెక్క, అదీ తెలుసుకో. కానీ ఎఫ్‌సీ ఆ రోజుకి బండి బాగుందని చెప్తుంది, అంతే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లేముందు మంచి టైర్లు అద్దెకి తెచ్చి బిగించి, వచ్చాక ఊడదీసేవాళ్లు నీకూ తెలుసు నాకూ తెలుసు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఘాట్ దిగితే కాగితం ఆపుతుందా బండిని?

ఇన్సూరెన్సు మాటకొస్తే, రోడ్డు మీద పోయే మనిషికి మన బండి తగిలితే నష్టపరిహారం ముందు అడిగేది ఓనరునే, డ్రైవరు నీ పని మీద నడిపాడు కాబట్టి. నీ బదులు ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది, నిజమే. కానీ ఎఫ్‌సీ లేదనో, లైసెన్సు సరైంది కాదనో, పాలసీ షరతు తప్పావనో వాళ్లు పట్టుకుంటారు. బాధితులకి ముందు కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పిన కేసులు చాలా ఉన్నాయి. వసూలంటే నీ ఇల్లు, నీ పొలం. సరుకు బండి మీద డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకుంటే వాళ్లకి ఇన్సూరెన్సు వర్తించదు. కుర్రాడికి ఆ పది ఇరవై రూపాయల ఆశ పెట్టకు. ఇంకొకటి, కాగితం మీద ఎవరి పేరుంటే వాడే ఓనరు. నీ పాత బైకు అమ్మేశావు కదా, పేరు మార్పించావా? మార్పించకపోతే వాడు గుద్దినా నీకే నోటీసు వస్తుంది.

ఓవర్ లోడు గురించి ఎక్కువ రాయను, నీకు అలవాటు లేదనే నమ్ముతున్నాను. పట్టుబడితే 20,000, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ రెండేసి వేలు. డ్రైవరు ఎక్కించుకున్నాడంటే ఓనరుకి తెలిసే జరిగిందని కోర్టు అనుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఓవర్ లోడు ఉన్న బండికి మంచి బ్రేకు కూడా చెడ్డ బ్రేకే. కాటా చీటీ పుస్తకంలో పెట్టించు.

డ్రైవరు కూడా బండిలో ఒక భాగమే అనుకో, నిద్రలేని డ్రైవరు అరిగిపోయిన లైనర్ లాంటివాడు. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని చట్టం చెప్తుంది. మన లైన్లో ఎవడూ పాటించడు, నేనూ పాటించలేదు, పాటించకుండా బతికిపోయాను, అందరూ బతకలేదు. కొరాపుట్ వెళ్లి లోడు దింపి ఆ రాత్రే వెనక్కి బయల్దేరమని మాత్రం చెప్పకు.

ఈ ముక్క ఆ కుర్రాడికి చదివి వినిపించు. నాయనా, ఓనరు వెళ్లమన్నాడని చెప్తే పోలీసు వినడు, జడ్జి వినడు. స్టీరింగ్ నీ చేతిలో ఉన్నప్పుడు తీయాలా వద్దా అన్నది నీ మాటే. బాగోలేని బండి తీయనని చెప్పడం ఎదురు తిరగడం కాదు. కేకలేయకుండా చెప్పు, రాసి చెప్పు, రాసింది ఫొటో తీసి నీ దగ్గర పెట్టుకో. ఓనరు కోప్పడి వేరే డ్రైవర్ని పిలిస్తే ఆ వచ్చినవాడికి కూడా బ్రేకు సంగతి చెప్పి తాళం ఇవ్వు, చెప్పకుండా ఇవ్వకు. నువ్వు కూడా పొద్దున్న పది నిమిషాలు ముందొచ్చి బండి చుట్టూ తిరగాలి, చక్రాల కింద నేల మీద తడి ఉందేమో చూడాలి, నట్లు చేత్తో తడమాలి, కదిలాక పది అడుగుల్లో ఒకసారి బ్రేకు తొక్కి చూడాలి. సెల్‌ఫోన్ చూసుకుంటూ సెల్ఫ్ కొట్టేసి, తర్వాత ఓనరు మీద పడితే అది కూడా న్యాయం కాదు. ఎప్పుడైనా ఏమైనా జరిగితే పారిపోకు. దెబ్బ తగిలినవాణ్ణి ముందు ఆస్పత్రికి చేర్చు, జనం కొడతారని భయమేస్తే తిన్నగా స్టేషన్‌కి పో. ఆస్పత్రికి చేర్చడం, 24 గంటల్లోపు పోలీసుకి చెప్పడం నీ బాధ్యత.

అల్లుడూ, మళ్లీ నీకు. కొరాపుట్ పార్టీకి రేపు పొద్దున్నే ఫోన్ చేసి బండి రిపేరు, రెండు రోజులు ఆగండి అని చెప్పు. ఆగకపోతే నీ రెండో బండి, ఆ కొత్త ఐషర్ ఖాళీగా ఉంటే నువ్వే తోలుకుని వెళ్లు, నీకు ఘాట్ తెలుసు. ఆ రెండూ కుదరకపోతే కిరాయి పోనీ. నాలుగు చక్రాలకీ లైనర్లు, సిలిండర్ కిట్లు వేసినా ఆ కిరాయి కన్నా ఎక్కువవదు, నేను నిన్న రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. నకిలీ పార్టు కొనకు, బిల్లుతో కొను.

ఆదివారం నేను వస్తున్నాను. పొద్దున్న ఆరింటి బస్సెక్కితే తొమ్మిదిన్నరకల్లా నరసన్నపేట కాంప్లెక్స్‌లో దిగుతాను. నేను వచ్చేదాకా డ్రమ్ములు ఊడదీయించొద్దు, కుడి చక్రం పైపు నా కళ్లతో చూడాలి. కుర్రాణ్ణి ఆ రోజు ఉండమను, వాడితో మాట్లాడాలి, ఆదివారం రమ్మంటున్నాం కాబట్టి ఆ రోజు జీతం వాడి చేతిలో పెట్టు. పుస్తకం కొనకు. నా పాత పుస్తకాల కట్ట అటక మీద ఉంది, చివరిదాంట్లో సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి, అది తెస్తాను.

మీ మావయ్య
విజయనగరం